అమెరికా కుంపటి

“నీసు ఏదున్నా మీదనే. మెట్లు దిగి కిందికి రావద్దు.”

అమ్మ పెట్టిన ఈ ఒక్క షరతు వల్లే బావ తెచ్చిన గ్యాస్ గ్రిల్లు మా మేడ ఎక్కింది. మేడ ఎక్కింది కాబట్టే ఎండకు ఎండింది, వానకు నానింది. వంటింటి పక్కన నీడలో ఉండుంటే, పాలిష్ గురించి నాకూ బాపుకూ ఏడాది పాటు ఆ పంచాయితీ ఉండేదే కాదు.

బావ 2013 చివర్లో డల్లాస్ నుంచి ఇల్లు ఖాళీ చేసుకుని వచ్చేశాడు. సామానంతా ఓడ మీద కంటైనర్లో వచ్చింది. హనుమకొండలో మా ఇంటి ముందు లారీ ఆగిన రోజు వాడకట్టు మొత్తం చూడటానికి నిలబడింది. సోఫాలు, పిల్లల సైకిళ్లు, పుస్తకాల పెట్టెలు దిగాక చివర్లో నలుగురు కలిసి ఒక నల్లటి ఇనుప సామాను దించారు. రెండు కాళ్లకు చక్రాలు, పైన గుండ్రటి మూత. రెండు పక్కలా రెక్కల్లాగా కట్టె పట్టీల బల్లలు. “ఈ పాత డబ్బాను మోసుకొచ్చుడెందుకని నేను అక్కడనే మొత్తుకున్న” అని అక్క అందరికీ వినబడేలా అంది. ఎవరో పక్కింటాయన ఊరు మారుతుంటే బావ దాన్ని నలభై డాలర్లకు కొన్నాడట. అప్పటికే అది పాతది.

అది వెబర్ కంపెనీ వాళ్ల జెనెసిస్. ఆ మోడల్ 1985లో మొదలైంది. పాత జెనెసిస్‌లకు పక్కబల్లలు కట్టెవే ఉండేవి. లోపల మూడు బర్నర్లు, వాటి మీద బోర్లించినట్టు మడిచిన రేకుల వరస. మాంసం నుంచి కారే కొవ్వు బర్నర్ మీద కాకుండా ఆ రేకుల మీద పడి, చుయ్యిమని ఆవిరై, పొగగా మళ్లీ మాంసానికే పడుతుంది. రుచి అంతా ఆ పొగలోనే ఉందని బావ గంటసేపు చెప్పాడు. బాపు వరండాలో కూర్చుని అంతా విన్నాడు. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఏదున్నా నా ద్వారానే.

“కుంపటికి చక్రాలెందుకురా?” అని నన్ను అడిగాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు అమెరికా కుంపటి.

తర్వాత లేచి వచ్చి పక్కబల్ల మీద బొటనవేలి గోరు గుచ్చాడు. గోరు సగం దిగింది. పట్టీలన్నీ బూడిద రంగుకు తిరిగి, చివర్లు పొరలు పొరలుగా లేచి, బోల్టుల చుట్టూ నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి. ఒక పెచ్చు విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, “మన కట్టె కాదు, మెత్తటిది” అన్నాడు. ఆయన ఏ కట్టెనైనా ముందు వాసనే చూస్తాడు.

బాపు వడ్ల పని, అంటే వడ్రంగం, చేసేవాడు. పరకాల దిక్కు మా ఊళ్లో నాగళ్లు, గుంటుకలు, ఎడ్లబండ్లు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఆ పని తగ్గిపోతే ఎనభైల్లో మమ్మల్ని తీసుకుని హనుమకొండ వచ్చి, దర్వాజలు, తలుపులు, కిటికీల పనిలో పడ్డాడు. ఇంటి ముందు రేకుల షెడ్డే ఆయన కార్ఖానా. నన్ను మాత్రం ఎన్నడూ రందా పట్టనివ్వలేదు. సెలవుల్లో చేతిలోకి తీసుకుంటే చాలు, “పెట్టు పెట్టు, పోయి లెక్కలు చేసుకో” అనేవాడు. ఆ లెక్కలే నాకు అన్నం పెడుతున్నాయి, కాలేజీలో అవే చెప్తాను. షెడ్డులో నాకు ఇచ్చింది ఒక్క పాలిష్ పనే. దాంట్లో వేళ్లు తెగవు కదా. లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున బట్టలో వడగట్టి, దూది ఉండతో రుద్దడం నాకు పదమూడేళ్లకే వచ్చు. అందుకే పాలిష్ సంగతి బాపు కన్నా నాకే బాగా తెలుసని నా మనసులో ఎక్కడో ఉండేది. తర్వాత జరిగిన దానికంతా అదే మూలం.

2014 ఏప్రిల్ చివర్లో, కాలేజీకి సెలవులు ఇచ్చాక పని మొదలైంది. కొత్త కట్టె కొందామని నేనంటే బాపు మాట్లాడకుండా షెడ్డు వెనక్కి పోయి టార్పాలిన్ లాగాడు. కింద మా ఊరి ఇంటి టేకు దర్వాజ ఉంది. ఇల్లు కూలగొట్టినప్పుడు తెచ్చి పెట్టుకున్నది, మా తాత చేసినది. రెండు నిలువు కమ్మీలు, పైకమ్మి, గడప. ఎందరో వచ్చి అడిగినా అమ్మలేదు. పండుగ పండుగకూ పసుపు రాసి రాసి గడప మీద ఆ రంగు లోపలికంటా ఇంకిపోయి ఉంది. ఈ కుంపటి కోసం దాన్ని కోస్తాడని నేను అనుకోలేదు.

“తాత చేసింది కద బాపు?”

“దాచిపెట్టి ఏం చేస్త? చెదలు గూడ తినది దాన్ని.” గడపను మాత్రం పక్కకు పెట్టాడు. అది ఇప్పటికీ షెడ్డులోనే ఉంది.

పాత దర్వాజలో మేకులుంటాయి. కోత మిషన్ వాళ్లు పాత కట్టె అంటేనే భయపడతారు, ఒక్క మేకు తగిలినా రంపం పళ్లు పోతాయి. “బ్లేడు పోతే పైసలు నువ్వే కట్టాలె” అని మిషన్ ఆయన ముందే చెప్పాడు. బాపు పాడైపోయిన స్పీకర్ విప్పి, దాని వెనకాల ఉండే గుండ్రటి అయస్కాంతాన్ని దారానికి కట్టాడు. దాన్ని కమ్మీల మీద జానెడు జానెడు కదుపుతూ పోయాడు. మేకున్న చోట అయస్కాంతం చిన్నగా పక్కకు లాగేది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఉలితో గిల్లి, మేకు తలను పట్టకారుతో పీకేవాడు. తోరణాల కోసం తరతరాలుగా కొట్టిన మేకులు, మొత్తం పదకొండు. కొన్నింటి తలలు ఎప్పుడో ఊడిపోయి, కట్టె మూసుకుపోయి, పైకి ఏమీ కనపడటం లేదు. సాయంత్రానికి కొబ్బరి చిప్పలో అవన్నీ వేసి అమ్మకు చూపించాడు, చేపలు పట్టి తెచ్చిన పిల్లగాడిలాగా.

కోసి తెచ్చిన పట్టీలను రందా పట్టినప్పుడు చూడాలి. పైన దుమ్ము రంగులో, చచ్చిపోయినట్టున్న కట్టె. రెండు దోపులకు లోపల తేనె రంగు బయటపడింది, షెడ్డంతా తోలు సంచీ తెరిచినట్టు ఒక వాసన. అన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసన ఎక్కడ దాక్కుని ఉంటుందో! పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ ఆయన మోచేతి మీద పడేది. కాసేపటికి పట్టీ పక్క ఎత్తుగా లేస్తే, రందా ఆపి, బ్లేడు ఊడదీసి సానరాయి మీద నూరేవాడు. టేకులో ఇసుక లాంటిదేదో కలిసి ఉంటుంది, పనిముట్ల పదును తొందరగా తింటుంది. అరగంట రందా పడితే పది నిమిషాలు నూరుడు. నేను పొట్టు ఎత్తి సంచిలో నింపేవాడిని, అమ్మ నీళ్ల పొయ్యి కోసం.

నేను టేపుతో కొలతలు తీసి, కాగితం మీద స్కేలుతో బొమ్మ గీసి ఇచ్చాను. ఒక్కో పక్కకు ఐదు పట్టీలు, కింద రెండు అడ్డ బద్దలు, మధ్య సందులు, అన్నీ మిల్లీమీటర్లతో సహా. బాపు దాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మేడ మీదికి ఒక వెదురు పుల్ల పట్టుకుపోయి, గ్రిల్లుకు ఆనించి, కత్తితో గాట్లు పెట్టుకుని వచ్చాడు. ఎడమ పక్కకు ఒక పుల్ల, కుడి పక్కకు ఒక పుల్ల. రెండెందుకు అన్నాను. “చూడు” అని రెంటినీ పక్కపక్కన పెట్టాడు. మూడు నూళ్ల తేడా. అంగుళానికి ఎనిమిది నూళ్లు వడ్ల వాళ్ల లెక్కలో. ఓడలోనో లారీలోనో ఎక్కడో దెబ్బ తగిలి కుడి పక్క ఊచ వంగిపోయింది. నేను ఒక పక్కే కొలిచి, రెండోది అంతే ఉంటుందని బొమ్మ గీశాను. నా బొమ్మ ప్రకారం చేసుంటే కుడి బల్ల ఎక్కేదే కాదు. పిల్లలకు మాత్రం రోజూ చెప్తాను, నిరూపించకుండా రెండు భుజాలు సమానం అనుకోవద్దని.

పట్టీల మధ్య రెండు నూళ్ల సందు పెట్టాడు. వానకాలం కట్టె ఉబ్బుతుంది, నీళ్లు నిలవకుండా జారిపోవాలి. ఆ మందంలో ఒక బద్ద చెక్కి, పట్టీ పట్టీకి మధ్య దాన్నే దూర్చి సరిచూసుకుంటూ పోయాడు. మేకు ఒక్కటీ కొట్టలేదు. అడ్డ బద్దలకు బెజ్జాలు కొట్టి కుసులు దించాడు, పట్టీలకు వెదురు చీలలు చెక్కి దిగేశాడు. “ఇనుము తుప్పు పడితె చుట్టూ కట్టెను తింటది, చూసినవ్ కద పాతవి” అన్నాడు. గ్రిల్లు ఊచలకు బిగించే చోట మాత్రం తప్పలేదు, నాలుగు స్టీలు బోల్టులు.

ఆయనకు అసలు అనుమానం అది కాదు. పొయ్యి పక్కన కట్టె ఎట్లా ఉంటుందన్నది. మూడు రోజులు అదే ఆలోచన. మధ్యలో ఒకసారి బావ చేత గ్రిల్లు వెలిగించమని నాతో చెప్పించాడు. పావుగంట వెలిగాక గూడుకు ఒక బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టి చూశాడు, తర్వాత నాలుగు వేళ్ల దూరం, తర్వాత రెండు వేళ్లు. అప్పుడు నాకు బండి పట్టా గుర్తొచ్చింది. నేను చిన్నప్పుడు ఊళ్లో చూశాను. చక్రం చుట్టుకొలత కంటే ఇనుప పట్టాను కొంచెం తక్కువ చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలిన పట్టా సాగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి దాన్ని చక్రానికి తొడుగుతారు. భగ్గుమని పొగ. ఆ క్షణంలోనే బిందెలతో నీళ్లు పోయాలి. ఇనుము చల్లారి, బిగుసుకుని, చక్రం ఆకులన్నిటినీ మధ్యకు నొక్కేస్తుంది. ఒక్క బిందె ఆలస్యమైతే నెల రోజుల పని బొగ్గు. ఆ లెక్క తెలిసిన మనిషి గ్రిల్లు గూడుకు బల్లను సరిగ్గా మూడు వేళ్ల దూరంలో ఆపాడు. ఆ అంచు ఒక్కరోజు కూడా మాడలేదు.

గ్యాసు సంగతి పెద్ద కష్టం కాలేదు. అమెరికా సిలిండర్ మూతి వేరు, మనది వేరు. కానీ అక్కడి రెగ్యులేటర్ వదిలే ఒత్తిడీ మన ఇంటి రెగ్యులేటర్ ఒత్తిడీ దాదాపు ఒకటే. స్టవ్‌ల మెకానిక్ వచ్చి, పాత పైపూ రెగ్యులేటరూ పీకి పారేసి, మనవి పెట్టి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి బుడగలు చూసి పోయాడు.

ఇక పాలిష్. బాపు మాట ఒకటే. “నూనె పెట్టు, చాలు.” అలసీ నూనెలో, అంటే అవిసె నూనెలో, కొంచెం టర్పెంటైన్ కలిపి బట్టతో రుద్దడం. నాకది నచ్చలేదు. అంత మంచి కట్టెకు నూనె రాస్తే ఏం కనబడుతుంది? లక్క పాలిష్ నీళ్లకు తెల్లబడుతుంది, అది నాకూ తెలుసు. పెయింట్ షాపులో అడిగితే మెలమైన్ అన్నారు. అద్దంలా ఉంటుందట. శాండ్ పేపర్ మూడు నంబర్లు మార్చి రుద్ది, నాలుగు పూతలు వేశాను. నిజంగానే అద్దంలా వచ్చింది. మేడ మీద నిలబడి ఆ బల్లలో ఆకాశం చూసుకున్నాను. బావ ఫోటోలు తీసి డల్లాస్ దోస్తులకు పంపాడు. బాపు వచ్చి చూసి, వేలితో ఒక గీత గీసి, “మంచిగున్నది” అని కిందికి పోయాడు. మా బాపు ‘మంచిగున్నది’ అని ఆపేస్తే నచ్చలేదని అర్థం. అది తెలిసీ నేను ఊరుకున్నాను.

జూన్ 1 రాత్రి మొదటిసారి వెలిగించాం. తెల్లారితే తెలంగాణ వచ్చే రోజు. మేడ మీద ఇరవై మందిమి. పన్నెండు కాగానే చౌరస్తా దిక్కు నుంచి పటాకుల మోత, కింద బండ్ల మీద పోరగాళ్లు జై తెలంగాణ అనుకుంటూ. చికెన్ కాలుతోంది, బావ చేతిలో పొడుగాటి చిమట. ఆ సంబరంలో ఎవరో, ఎవరో ఏంటి నేనే, కాలుతున్న స్టీలు పళ్లెం తెచ్చి ఎడమ బల్ల మీద పెట్టాను. పొద్దున చూస్తే చందమామ అంత తెల్లటి గుండ్రటి మచ్చ. తుడిస్తే పోలేదు.

బాపు ఆ రాత్రి మేడ మీదికి వచ్చాడు కానీ గ్రిల్లు దగ్గరికి రాలేదు. నీసు ముట్టడు. ఆగస్టులో, పచ్చి మక్క కంకులు వచ్చాక, బావ గ్రిల్లును బాగా కడిగి, పది నిమిషాలు ఉత్తగా మండించి, మామ కోసం అని చెప్పి రెండు కంకులు కాల్చాడు. “బొగ్గుల మీద కాలిస్తే ఇంకా మంచిగుండు” అని నాతో అన్నాడు బాపు. రెండూ తిన్నాడు.

ఆ వానల్లోనే పట్టీల చివర్ల దగ్గర మెలమైన్ కింద నీళ్లు దూరాయి. పొర కింద తెల్లటి బుడగలు. 2015 మేలో ఎండలు ఎట్లా కాశాయో మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు, వడదెబ్బకు జనం రాలిపోయిన ఏడాది అది. ఆ ఎండకు బల్లల మీది పొర పాము కుబుసంలాగా లేచింది. చెయ్యి పెడితే పెచ్చులు అంటుకొచ్చేవి. లోపలి పనికి వాడే పాలిష్‌ను ఎండలో పెట్టానని నాకు అప్పుడు తెలిసింది. షాపు ఆయన్ను ఏమీ అనలేను, ఎక్కడ వాడతావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బాపు ఒక్క మాట అనలేదు. పగిలిన కిటికీ అద్దం ముక్కలు నాలుగు తెచ్చి నా ముందు పెట్టాడు. గాజు పెంకును కొంచెం వాల్చి, రెండు చేతులా పట్టుకుని, కట్టె గీతల వెంబడి మన దిక్కు లాక్కోవాలి. పాలిష్ పొర సన్నటి పిండిలాగా రాలుతుంది. లోతుగా నొక్కితే గాటు పడుతుంది, తేలిగ్గా పట్టుకుంటే జారుతుంది. నాలుగు రోజులు పట్టింది. రెండోరోజుకే నా బొటనవేళ్లు పగిలాయి. యాభైకి దగ్గరపడ్డ కొడుకును అప్పుడు మాత్రం బాపు “పెట్టు పెట్టు” అనలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, “వాలు తగ్గియ్యి”, “గీతకు ఎదురు పోతున్నవ్” అంటూ ఉన్నాడు.

తర్వాత నూనె. మొదటి పూతకు టర్పెంటైన్ ఎక్కువ, లోపలికి దిగాలి. కట్టె చుక్కల్ని దప్పికగొన్నట్టు తాగింది. అరగంట ఆగి, పైన మిగిలిందంతా పొడి బట్టతో తుడిచెయ్యాలి. తుడవకపోతే అది ఎండదు, నెల రోజులు జిగురుగానే ఉండి దుమ్మంతా పట్టుకుంటుంది. రెండు రోజులు ఆగి ఇంకో పూత, ఇంకో రెండు రోజులకు ఇంకోటి. అద్దం మెరుపు లేదు. కట్టె లోపల ఎవరో చిన్న దీపం పెట్టినట్టు ఉంది, అంతే.

నేను నూనె బట్టల్ని ఉండ చుట్టి మూలకు విసిరాను. బాపు గబుక్కున లేచాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా లేవడం నేను చూడలేదు. బట్టల్ని విప్పి, దండెం మీద ఒక్కొక్కటీ విడివిడిగా ఆరేశాడు. ఎప్పుడో ఊళ్లో ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డు మూల నుంచి పొగ వచ్చిందట. ఎవడో బీడీ ముక్క పారేశాడని జీతగాణ్ని తిట్టారట. తీరా చూస్తే అలసీ నూనె గుడ్డల కుప్ప లోపలి నుంచి తనంతట తనే రాజుకుంటోంది. ఆ నూనె ఎండటమంటే గాలిని పీల్చుకుని వేడి వదలడం. పరిచిన బట్టలో ఆ వేడి పోతుంది, కుప్పలో పోయే దారి ఉండదు. “తిట్టినోన్ని మళ్ల పిలిచి బువ్వ పెట్టినం” అన్నాడు. పాలిష్ నాకే బాగా తెలుసు అనుకున్నవాడిని కదా, ఇన్నేళ్లు ఆ షెడ్డులో తిరిగి ఆ సంగతి నాకు తెలియదు.

బావ వాళ్లు మళ్లీ వెళ్లిపోయారు, పిల్లల చదువులని. గ్రిల్లు ఏడాదికి రెండు మూడుసార్లు వెలిగేది, తర్వాత అదీ లేదు. బర్నర్ గొట్టాలకు చిల్లులు పడ్డాయి. కరోనా తర్వాత ఒకరోజు పాత సామాను కొనే అతను వచ్చి, గూడు అల్యూమినియం అని గోకి చూసుకుని, దానికొక ధర, ఇనుముకొక ధర కట్టి, మిగతాదంతా సుత్తితో విడగొట్టి తోపుడు బండిలో వేసుకున్నాడు. బల్లలు విప్పి గోడకు ఆనించి, “ఇది కట్టె, మాకద్దు” అన్నాడు. బాపు వాటికి నాలుగేసి కాళ్లు పెట్టాడు, తాత దర్వాజ పైకమ్మిలో మిగిలిన ముక్కతోనే. ఒకదాని మీద ఇప్పుడు అమ్మ వడియాల పళ్లేలు ఎండబెడుతుంది. ఇంకోటి బాపు కుర్చీ పక్కన ఉంటుంది, రేడియో, కళ్లజోడు, మందుల డబ్బా.

బాపుకు ఎనభై దగ్గరపడ్డాయి. చూపు తగ్గింది. మొన్న నేను మేడ మీదికి పోయేసరికి ఆ బల్ల మీద అరచేయి పెట్టి, అటునుంచి ఇటు నెమ్మదిగా లాగుతున్నాడు.

“నూనె ఎప్పుడు పెట్టినవ్?”

“ఉగాదికి పెట్టిన బాపు.”

అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. “ఏ ఉగాదికి?”

కిందికి పోయి షెడ్డులో వెతికితే నూనె సీసా దొరికింది. మూత దగ్గర కారిన నూనె ఎండి లక్కలా బిగుసుకుపోయి ఉంది. ఎంత తిప్పినా రాలేదు. వేడినీళ్లలో ముంచుదామని పట్టుకుని వంటింట్లోకి పోతే, అమ్మ అది ఏం సీసా అని అడిగింది.